పాత బాకీలు తెలిసినవాళ్ల ఆట

టొరంటో నుంచి మాంట్రియల్‌కు రోడ్డు మీద దాదాపు 540 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి తిరుపతికి వెళ్లినంత. 401 నంబరు హైవే ఎక్కి తూర్పుకు సాగితే ఒంటారియో సరస్సు కుడివైపున కాసేపు కనిపిస్తూ, కాసేపు చెట్ల వెనక మరుగవుతూ వస్తుంది. కింగ్‌స్టన్ దాటాక సరస్సు అయిపోయి సెయింట్ లారెన్స్ నది మొదలవుతుంది. క్యుబెక్ సరిహద్దులో అడుగుపెట్టగానే దారి బోర్డులన్నీ ఫ్రెంచిలోకి మారిపోతాయి. పర్యాటకులు ఈ దారిలో వెయ్యి దీవుల దగ్గర ఆగుతారు, మాంట్రియల్ పాతబస్తీ చూడటానికి పోతారు. ఎర్ర జెర్సీలు తొడుక్కుని బస్సుల్లో బయల్దేరే టొరంటో అభిమానులకు మాత్రం ఈ దారి చివర ఉండేది సపూటో స్టేడియంలో తమకు కేటాయించిన ఒక మూల. అక్కడ చుట్టూ ఉండేది ఎదుటి జట్టువాళ్లే. తిరుగు ప్రయాణం అర్ధరాత్రి దాటాకే. ఇంత శ్రమపడి వెళ్లి వీళ్లు ఏం చూస్తారు, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికి దక్కనిది ఏం దక్కుతుంది అన్న ప్రశ్నకు కెనడా ఫుట్‌బాల్ చరిత్ర చాలా స్పష్టమైన జవాబు ఇస్తుందని నా నమ్మకం. కప్పు మ్యాచ్‌లోని ఉత్కంఠ ఆ తొంభై నిమిషాల్లో పుట్టేది కాదు. అంతకుముందు ఏళ్ల తరబడి పేరుకున్న బాకీల్లోంచి పుడుతుంది. ఆ బాకీల పద్దు రాసిపెట్టుకునేది ఆటగాళ్లు కాదు, యజమానులు కాదు, అభిమానులు. అది తెలియకుండా మైదానంలో కూర్చున్నవాడు స్కోరు చూస్తాడు గానీ మ్యాచ్ చూడలేడు.

కెనడాలో దీనికి దాఖలా కప్పు పుట్టుకలోనే ఉంది. అక్కడ ఈ ఆటను సాకర్ అంటారు. ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే వేరే ఆట, దానికి 1909 నుంచి గ్రే కప్ ఉంది. సాకర్ క్లబ్బులకు జాతీయ స్థాయిలో ఇచ్చేది వోయజర్స్ కప్. దీన్ని ఫెడరేషన్ చేయించలేదు, ఏ కంపెనీ స్పాన్సర్ చేయలేదు. జాతీయ జట్టును వెన్నంటి తిరగడానికి 1996లో ఏర్పడిన వోయజర్స్ అనే అభిమానుల సంఘం సభ్యులు తలా కొంత చందా వేసుకుని 2002లో చేయించారు. అప్పటికి ఆ దేశంలో చెప్పుకోదగ్గ జాతీయ లీగు లేదు. మాంట్రియల్ ఇంపాక్ట్, వాంకూవర్ వైట్‌క్యాప్స్, టొరంటో లింక్స్ లాంటి క్లబ్బులు అమెరికా లీగుల్లో ఆడుకునేవి. ఆ లీగుల్లో కెనడా క్లబ్బులు ఒకదానితో ఒకటి తలపడిన మ్యాచ్‌లను మాత్రం విడదీసి, పాయింట్లు కూడి, ఎక్కువ వచ్చినవాళ్లకు అభిమానులే కప్పు అందించేవాళ్లు. అంటే టోర్నమెంటు లేకుండానే కప్పు పుట్టింది. 2002 నుంచి 2007 దాకా ఆరుసార్లూ అది మాంట్రియల్‌కే వెళ్లింది. 2008లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల క్లబ్బులకు కాంకకాఫ్ ఛాంపియన్స్ లీగ్ మొదలై కెనడా తరఫున ఒక క్లబ్బును పంపాల్సి వచ్చినప్పుడు గానీ కెనడా సాకర్ సంఘం ఒక ఛాంపియన్‌షిప్ పెట్టలేదు. పెట్టాక కొత్త ట్రోఫీ కోసం వెతుక్కోలేదు, ఈ చందాల కప్పునే స్వీకరించింది. మామూలుగా సంస్థ ముందు పుడుతుంది, తర్వాత టోర్నమెంటు, ఆ తర్వాత అభిమానులు. ఇక్కడ వరస తిరగబడింది. పద్దు రాసేవాళ్లు ముందొచ్చారు, వాళ్ల పద్దు చుట్టూ ఆట అల్లుకుంది.

ఆ పద్దుతో మాంట్రియల్ 2009 జూన్ 18 రాత్రిని చదవాలి. ముందటేడాది మొదటి ఛాంపియన్‌షిప్‌ను టొరంటో ఎఫ్‌సి తనదే అనుకుంది. మేజర్ లీగ్ సాకర్‌లో 2007 నుంచి ఆడుతున్న క్లబ్బు అది. మాంట్రియల్, వాంకూవర్ అప్పటికి ఒక మెట్టు కింది లీగైన యూఎస్ఎల్‌లో ఉన్నాయి. అయినా 2008 జూలై 22న టొరంటో సొంత మైదానం బీఎంఓ ఫీల్డ్‌లో 1–1తో డ్రా చేసుకుని మాంట్రియల్ కప్పు పట్టుకుపోయింది. ఆ కప్పుతో ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లి, 2009 ఫిబ్రవరిలో ఒలింపిక్ స్టేడియంలో 55,571 మంది ఎదుట మెక్సికో క్లబ్బు సాంటోస్ లగూనాను 2–0తో ఓడించింది. రెండో లెగ్‌లో ఇంజురీ టైమ్‌లో రెండు గోల్స్ ఇచ్చుకుని 5–2తో ఓడి బయటపడినా, ఆ ఫిబ్రవరి రాత్రి మాంట్రియల్ గర్వంగా చెప్పుకునే రాత్రిగా మిగిలింది. ఇక 2009 టోర్నమెంటులో మూడు క్లబ్బులూ ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడాయి. వాంకూవర్ తన నాలుగు మ్యాచ్‌లూ ముగించుకుని 9 పాయింట్లతో పైన ఉంది. మాంట్రియల్ ఆశలు అప్పటికే ఆరిపోయాయి. టొరంటోకు మిగిలింది మాంట్రియల్‌లో ఒక్క మ్యాచ్. గెలిస్తే వాళ్లకూ 9 పాయింట్లు వస్తాయి, కానీ గోల్స్ తేడాలో వాంకూవర్‌ను అందుకోవాలంటే కనీసం నాలుగు గోల్స్ తేడాతో గెలవాలి. వాంకూవర్ ఆటగాళ్లు అదే స్టేడియంలో స్టాండ్స్‌లో కూర్చున్నారు, కప్పు తమ చేతికి వచ్చే ఘడియ కోసం. మొదటి గోల్ మాంట్రియల్‌దే. ఇప్పుడు టొరంటోకు కావలసింది ఐదు. అక్కడి నుంచి స్కార్‌బరోలో పెరిగిన డ్వేన్ డి రొసారియో మూడు కొట్టాడు, హోండురస్ ఆటగాడు అమాడో గెవారా రెండు కొట్టాడు, ఆఖరున చాడ్ బారెట్ ఒకటి. 6–1.

అంకె ఒక్కటే చూస్తే ఇంత చప్పటి మ్యాచ్ ఉండదు. 6–1 అంటే ఏకపక్షం. మూడో గోల్ పడ్డాక ఫలితం తేలిపోయినట్టే, మామూలు ప్రేక్షకుడు లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఆ రాత్రి మూడో గోల్‌తో ఏదీ తేలలేదు. 3–1 దగ్గర టొరంటో మ్యాచ్ గెలుస్తోంది, కప్పు ఓడుతోంది. 4–1 దగ్గరా అంతే. 5–1 అయిన క్షణంలో కప్పు స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ల ఒళ్లోంచి లేచి మైదానంలోకి వచ్చింది. ఆ క్షణం నుంచి మాంట్రియల్ కొట్టే ఒక్క గోల్ చాలు, అది తిరిగి వాళ్ల ఒళ్లోకి పోవడానికి. గోల్ పడ్డ ప్రతిసారీ మూడు నగరాల లెక్క ఒకేసారి మారుతోంది. మైదానంలో కనిపిస్తున్నవి రెండు జట్లే, ఆడుతున్నది మాత్రం మూడు. ఈ మూడో జట్టును చూడగలిగినవాడికే ఆ రాత్రి నాటకం అర్థమైంది. ఇప్పటికీ టొరంటోలో దాన్ని మాంట్రియల్ అద్భుతం అని చెప్పుకుంటారు. వాంకూవర్‌లో చెప్పుకునే తీరు వేరు.

ఆ వేరే తీరులోనే మొదటి అభ్యంతరం ఉంది. మాంట్రియల్ ఆ రోజు తన ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతి ఇచ్చింది, కప్పు ఆశ లేని జట్టు పూర్తి బలంతో దిగలేదు, అలాంటప్పుడు అద్భుతం ఎక్కడిది అని వాంకూవర్ అభిమానులు అడుగుతారు. అడగడం న్యాయమే. మూడు జట్ల లీగు పద్ధతిలో ఆఖరి మ్యాచ్ ఎవరో ఒకరికి పనికిరానిది అయిపోతుంది. ఆ లోపం టోర్నమెంటు నిర్మాణంలోనే ఉంది, 2011 నుంచి సెమీఫైనల్స్, ఫైనల్ పద్ధతి వచ్చాక గానీ పోలేదు. టొరంటో గెలుపు మచ్చలేనిదని వాదించడం నా ఉద్దేశం కాదు. నేనంటున్నది, ఈ అభ్యంతరం నా వాదనను బలహీనపరచకపోగా బలపరుస్తుందని. మచ్చ ఉంది కాబట్టే ఆ మ్యాచ్ ముగియలేదు, బాకీగా మారింది. ఆ రాత్రి మాంట్రియల్ జట్టు కోచ్ మార్క్ డాస్ సాంటోస్. కొన్ని వారాల ముందే ఆ బాధ్యతలోకి వచ్చినవాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన జట్టే యూఎస్ఎల్ ఫైనల్లో వాంకూవర్‌ను రెండు లెగ్గుల్లోనూ ఓడించి లీగు టైటిల్ కూడా లాక్కుంది. తొమ్మిదేళ్లు గడిచాక, 2018 నవంబరులో, వాంకూవర్ వైట్‌క్యాప్స్ తమ హెడ్ కోచ్‌గా నియమించుకున్నది ఆ మార్క్ డాస్ సాంటోస్‌నే.

ఇక్కడ పడమటి తీరానికి ప్రయాణం చేయాలి. వాంకూవర్ దక్షిణాన సవాసెన్ రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే గంటా ముప్పై అయిదు నిమిషాల్లో వాంకూవర్ దీవిలోని స్వార్ట్జ్ బే చేరతాం. నీళ్ల మీద చిన్న చిన్న దీవుల మధ్య సన్నటి దారి, రెండు వైపులా నీటి అంచు దాకా దిగివచ్చిన దేవదారు చెట్లు. అక్కడి నుంచి విక్టోరియా నగరం పక్కన లాంగ్‌ఫర్డ్ అనే చిన్న ఊరు, ఆ ఊళ్లో స్టార్‌లైట్ స్టేడియం. 2019లో మొదలైన కెనడియన్ ప్రీమియర్ లీగ్‌లోని పసిఫిక్ ఎఫ్‌సికి అది సొంత మైదానం. 2021 ఆగస్టు 26న ఛాంపియన్‌షిప్‌లో వైట్‌క్యాప్స్ ఈ నీళ్లు దాటి వచ్చి, జీతాల్లో తమకు ఏమాత్రం సాటిరాని పసిఫిక్ చేతిలో 4–3తో ఓడిపోయింది. మర్నాడే డాస్ సాంటోస్ ఉద్యోగం పోయింది. కొత్తగా చూసేవాళ్లకు ఇది చిన్న క్లబ్బు పెద్ద క్లబ్బును ఓడించిన ముచ్చట. పన్నెండేళ్ల పద్దు చేతిలో ఉన్న వాంకూవర్ అభిమానికి ఇది వేరే కథ. ఏ కప్పు రాత్రి ఏ మనిషి దించిన జట్టువల్ల తాము నష్టపోయామో, ఆ మనిషే తమ జట్టును మరో కప్పు రాత్రి ఓటమికి నడిపించాడు. ఈ రెండు రాత్రులనూ ఏ స్కోరుబోర్డూ కలపదు. కలిపేది ఆ రెండింటినీ మోసినవాళ్ల జ్ఞాపకం.

వాంకూవర్ కథ ఇంకా లోతైనది, ఇంకాసేపు ఆగి చూడవలసినది. 2009 నుంచి 2013 దాకా వరుసగా ఐదేళ్లు ఆ క్లబ్బు రెండో స్థానంలోనే ఆగింది. 2011లో ఫైనల్ రెండో లెగ్ టొరంటోలో. వాంకూవర్ 1–0 ఆధిక్యంలో ఉండగా గంట ఆట పూర్తయ్యే వేళకు పిడుగులతో తుపాను వచ్చి మ్యాచ్ రద్దయింది. ఆ గోల్ లెక్కలోంచి పోయింది. జూలై 2న మొదటి నుంచి మళ్లీ ఆడించారు, టొరంటో 2–1తో గెలిచింది. 2013లో మాంట్రియల్‌తో మొదటి లెగ్ 0–0, రెండోది వాంకూవర్‌లో 2–2. ఓడకుండానే, మొత్తం స్కోరు సమమైతే బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు అన్న నిబంధనవల్ల కప్పు పోయింది. 2015లో ఎట్టకేలకు గెలిచి ఊపిరి పీల్చుకున్నారు. మరుసటేడు, 2016 జూన్ 29. బీసీ ప్లేస్ స్టేడియం. మొదటి లెగ్‌లో టొరంటో 1–0తో గెలిచి వచ్చింది, ఇక్కడ వాంకూవర్ 2–0తో ముందుంది. తొంభై నిమిషాలు అయిపోయాయి, రిఫరీ కలిపిన అదనపు సమయం కూడా చివరికొచ్చింది. తొంభై ఐదో నిమిషంలో టొరంటో మిడ్‌ఫీల్డర్ విల్ జాన్సన్ గోల్ ముందు గుంపులోకి దూసుకెళ్లి బంతిని లోపలికి నెట్టాడు. ఆ తాకిడిలోనే అతని కాలి ఎముక విరిగింది. మొత్తం 2–2, బయటి గోల్ టొరంటోది, కప్పు టొరంటోది. గెలిపించిన మనిషి సంబరాల్లో లేడు, నేల మీద పడి ఉన్నాడు. సహచరులు ముందు ఆనందంతో పరుగెత్తి, తర్వాత అతని కాలు చూశారు. ఆ గోల్ ఏ మామూలు మ్యాచ్‌లో పడినా గాయపడిన ఒక ఆటగాడి వార్త అయ్యేది. బీసీ ప్లేస్‌లో కూర్చున్న వేలమంది మౌనంలో మాత్రం 2009, 2011, 2013 మూడూ ఉన్నాయి. ఆ తర్వాత 2022లో ఇదే టొరంటోను పెనాల్టీల్లో ఓడించి వాంకూవర్ కప్పు తీసుకుంది. అక్కడి నుంచి 2025 దాకా నాలుగేళ్లు వరుసగా వదల్లేదు. ఆ నాలుగింటిలో మూడింటికి ఎదుట ఉన్నది పాత బాకీదారులే, టొరంటో రెండుసార్లు, మాంట్రియల్ ఒకసారి. అందుకే ఆ గెలుపుల రుచి ఆ ఊళ్లో అంత గాఢంగా ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఏ పద్దూ తెలియని మనిషికి కూడా గొప్ప మ్యాచ్ గుండె దడ పుట్టిస్తుంది కదా, దానికి చరిత్ర ఎందుకు అని. 2025 నవంబరు 9న ఒట్టావాలో జరిగిన కెనడియన్ ప్రీమియర్ లీగ్ ఫైనల్ దీనికి మంచి ఉదాహరణ. రీడో కాలువ పక్కన లాన్స్‌డౌన్ పార్కులో టీడీ ప్లేస్ స్టేడియం. మ్యాచ్ రోజు మంచు తుపాను. గీతలు మాయమైపోతుంటే ఆట ఆపి పారలతో మంచు తోడాల్సి వచ్చింది. బంతి దొర్లడం మానేసి కాలి ముందే కూరుకుపోతోంది. కాల్గరీ నుంచి వచ్చిన కావల్రీ పెనాల్టీతో ముందుకెళ్లింది. అప్పుడు అట్లెటికో ఒట్టావా ఫార్వర్డ్ డేవిడ్ రోడ్రిగేస్ గోల్‌కు వీపు పెట్టి, గాల్లోకి లేచి, తలమీదుగా కాలు తిప్పి కొట్టాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండో గోల్ కూడా అతనిదే. 2–1తో కప్పు ఒట్టావాది. మంచులో ఆ తలకిందుల గోల్ ప్రపంచమంతా ఫోన్లలో చూసింది, ఒట్టావా ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా చూసి ఆశ్చర్యపోయారు. నిజమే, ఆ ఆశ్చర్యానికి చరిత్ర అక్కర్లేదు. కానీ వాళ్లు చూసింది ఒక గోల్. స్టేడియంలో మంచులో తడుస్తూ గంటల తరబడి నిలబడినవాళ్లు చూసింది వేరు. అదే మైదానంలో ఆడిన ఒట్టావా ఫ్యూరీ అనే క్లబ్బు 2019లో మూతపడటం వాళ్లు చూశారు. 2020లో స్పెయిన్‌లోని అట్లెటికో మాడ్రిడ్ ఇక్కడ కొత్త క్లబ్బు పెడితే, కోవిడ్‌వల్ల మొదటి సీజన్ మొత్తం ఎక్కడో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో, అభిమానులు లేకుండా జరగడం చూశారు. మొదటి రెండేళ్లూ జట్టు పట్టికలో దిగువనే ఉండటం, 2022లో పట్టికలో మొదటి స్థానానికి ఎగబాకి అదే టీడీ ప్లేస్‌లో ఫైనల్ ఆడి హామిల్టన్ జట్టు ఫోర్జ్ చేతిలో 0–2తో ఓడటం చూశారు. ఫోన్‌లో చూసినవాడు మర్నాటికి ఆ గోల్‌ను మర్చిపోయి ఇంకో వీడియోకు వెళ్లిపోతాడు. ఒట్టావావాళ్లు దాన్ని 2022 పక్కన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. రెండూ ఆనందాలే. ఒకటి మాత్రమే నిలుస్తుంది.

మరి స్వయంగా వెళ్లడం ఎందుకు, పద్దును ఇంట్లో కూర్చునీ రాసుకోవచ్చుగా అన్నది మూడో మాట. టీవీలో రీప్లే ఉంటుంది, దగ్గరి దృశ్యం ఉంటుంది. టొరంటో నుంచి వాంకూవర్‌కు విమానంలో ఐదు గంటలు, మూడు గంటల కాలం తేడా. జట్టు వెంట తిరగడం కెనడాలో ఖర్చుతో కూడిన పని. దీనికి జవాబుగా ఒక్క విషయం చెబితే చాలు. 2020 మేలో జర్మనీ బుండెస్లీగా ఖాళీ స్టేడియంలలో తిరిగి మొదలైనప్పుడు సొంత మైదానంలో ఆడే జట్ల గెలుపులు స్పష్టంగా తగ్గాయి. మైదానం మారలేదు, ఆటగాళ్లు మారలేదు, మారింది ఖాళీ కుర్చీలే. జనం ఫలితంలో భాగమని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. సపూటో స్టేడియంలో సొంత జట్టు గోల్ కొట్టినప్పుడల్లా మాంట్రియల్ అభిమానులు పెద్ద గంట మోగిస్తారు. బయటి నుంచి వచ్చిన డిఫెండర్ ఆ గంట వినకుండా ఉండలేడు. గంట మోగకుండా ఆపడానికి అక్కడ ఒక మూల నిలబడి గొంతు చించుకుంటున్న రెండు మూడు వందలమంది తనవాళ్లు ఉన్నారన్నదే అతనికి ఆసరా.

నా వాదనకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది. పాత లెక్కలు తెలిసినవాళ్లకే మ్యాచ్ దక్కుతుందంటే, నిన్నగాక మొన్న వలస వచ్చినవాళ్ల మాటేమిటి? బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబం జీవితాంతం బయటివాళ్లుగానే ఉండిపోవాలా? యూరప్‌లో అయితే ఈ ప్రశ్నకు జవాబు కష్టం. అక్కడి క్లబ్బులకు నూరేళ్లు, నూట ముప్పై ఏళ్లు, తాతల నుంచి వచ్చే సీట్లు. కెనడా ఛాంపియన్‌షిప్‌కు ఉన్నది 2008 నుంచి చరిత్ర. టొరంటో ఎఫ్‌సి ఆట మొదలుపెట్టింది 2007లో, కెనడియన్ ప్రీమియర్ లీగ్ 2019లో. ఈ పద్దు మొత్తాన్ని టొరంటో నుంచి మాంట్రియల్ వెళ్లే బస్సులో పక్కసీటువాళ్లను అడిగి నేర్చుకోవచ్చు. పైగా ఆ పద్దుకెక్కిన ఆటగాళ్లలో వలసల బిడ్డలూ ఉన్నారు. మాంట్రియల్‌లో మూడు గోల్స్ కొట్టిన డి రొసారియో తల్లిదండ్రులు గయానా నుంచి వచ్చినవాళ్లు. ఘనాలోని బుడుబురమ్ శరణార్థి శిబిరంలో లైబీరియా దంపతులకు పుట్టి, చిన్నప్పుడే ఎడ్మంటన్ చేరిన అల్ఫోన్సో డేవిస్ వైట్‌క్యాప్స్ పెద్దల జట్టుకు మొదటిసారి ఆడింది 2016 జూన్‌లో, ఈ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లోనే. వారం తిరిగేసరికి రెండో లెగ్‌లో తన మొదటి గోల్ కొట్టాడు, అప్పటికి అతనికి పదిహేనేళ్లు. ఎదుటి జట్టు, తర్వాత మూతపడిన ఆ ఒట్టావా ఫ్యూరీయే. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లు ఏం చూస్తున్నారో వాళ్లకే తెలియదు. తెలియకపోయినా చూశారు, రాసుకున్నారు. ఇది పుట్టుకతో వచ్చే హక్కు కాదు, హాజరుతో వచ్చే హక్కు. తెలుగువాళ్లు కూడా హాజరైతే వాళ్లదీ అవుతుంది.

తెలుగు పాఠకుడికి ఇదంతా దూరదేశపు ముచ్చటగా తోచవచ్చు. కానీ హాజరు లేకపోతే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా వాళ్లదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. ఈ మనిషి పేరు మన పిల్లల్లో చాలామందికి తెలిసింది 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా ద్వారా. ఆ ఐదు రోవర్స్ కప్పుల్లో ఏది ఎవరి మీద ఎలా గెలిచామో, ఏ మ్యాచ్‌లో ఏ గోల్ వివాదమైందో, హైదరాబాద్ జ్ఞాపకం నుంచి చాలావరకు జారిపోయింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి వచ్చింది. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం కట్టుకుని గచ్చిబౌలి స్టేడియంలో పాడటం మొదలుపెట్టారు యువకులు. 2022 మార్చి 20న ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1–1 చేసి, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపగా 3–1తో టైటిల్ గెలిచింది. కానీ ఆ సీజనంతా కోవిడ్‌వల్ల గోవాలోనే జరిగింది, తన ఊరి మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా హైదరాబాద్ ఛాంపియన్ అయింది. 2025లో ఆ క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. యజమాని చేతిలో ఉన్న క్లబ్బును తీసుకుపోవచ్చు. ఎడ్మంటన్‌లోనూ క్లబ్బు పోయింది, ఒట్టావాలోనూ పోయింది. వాంకూవర్ యజమానులు కూడా 2024 డిసెంబరులో క్లబ్బును అమ్మకానికి పెట్టారు. చందాలు వేసుకుని చేయించిన కప్పును మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు.

2026 ప్రపంచ కప్‌లో టొరంటోకు 6 మ్యాచ్‌లు, వాంకూవర్‌కు 7 మ్యాచ్‌లు దక్కాయి. వాటి టిక్కెట్ల కోసం తెలుగువాళ్లు కూడా పోటీపడ్డారంటే అర్థముంది. కెనడాలో ఉండే తెలుగువాళ్లను నేను కోరేది ఇంకొకటి. ఛాంపియన్‌షిప్ మొదటి రౌండ్లలో హామిల్టన్‌లోనో లాంగ్‌ఫర్డ్‌లోనో జరిగే మామూలు మ్యాచ్‌కు పిల్లల్ని తీసుకుని వెళ్లండి. పక్కన కూర్చున్నవాళ్లను ఆ రెండు క్లబ్బుల మధ్య పాత గొడవేమిటో అడగండి, మరుసటేడు మళ్లీ వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లను కోరేది మరొకటి. సిటీ పోలీస్ జట్టు ఆటను కళ్లారా చూసిన పెద్దలు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు, కొద్దిమందే మిగిలి ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని, ఏ కప్పులో ఎవరి మీద ఏ గోల్ ఎలా పడిందో ఇప్పుడే రాసిపెట్టండి.